వినడం తెలిసినవాడు

ఈ పూట డీజే గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో, జాతరల్లో పాటలు వేస్తాడు చూడండి, ఆ డీజే గురించే. మన రాయచూరు వైపు, మాన్వి, సింధనూరు వైపు డీజే లేని పెళ్లి ఇప్పుడు తక్కువ. అయినా ఆ పని చేసే అబ్బాయి గురించి అడిగితే ఎక్కడైనా ఒకటే మాట. "వాడు చేసేదేముంది? పాట ఎవరో పాడారు. బాణీ ఎవరో కట్టారు. వీడు బటన్ నొక్కుతాడు, అంతే." అబ్బాయి డీజే చేస్తాడని తెలిస్తే పిల్లనివ్వడానికి వెనకాడే ఇళ్లు కూడా ఉన్నాయి.

ఆ మాట సరైంది కాదని నేను గట్టిగా నమ్ముతాను. డీజే పని వినే పని. చెవితో చేసే పని. ఆ వినడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. అది వచ్చినవాడిని కళాకారుడిగా చూడాలి. అది రానివాడు ఎంత ఎత్తున బాక్సులు పేర్చినా డీజే కాడు. ఈ కాసేపట్లో నేను చెప్పబోయేది ఇదే.

ఒక పెళ్లిని ఊహించుకోండి. సింధనూరు దగ్గర తెలుగువాళ్ల క్యాంపు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు పారడం మొదలయ్యాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి, భూములు కొనుక్కుని, వరి పండిస్తూ ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు. వాళ్ల పిల్లలు, మనవలు కన్నడం కూడా తెలుగంత తేలిగ్గా మాట్లాడతారు. ముహూర్తం వేళ సన్నాయి, డోలు మోగాయి. తలంబ్రాలు అయిపోయాయి. ఇప్పుడు రాత్రి ఏడు దాటింది. కోత అయిపోయిన మడి పక్కన షామియానా, లైట్లు, ఒక మూలన డీజే బల్ల.

ఎవరెవరు వచ్చారో చూడండి. తెనాలి నుంచీ భీమవరం నుంచీ వచ్చిన చుట్టాలు. పెళ్లికొడుకుతో చదువుకున్న కన్నడ స్నేహితులు. ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రీ కుటుంబం, వాళ్ల ఇంట్లో ఉర్దూ. సింధనూరు తాలూకాలో బెంగాలీ శరణార్థుల కోసం ఏర్పడిన క్యాంపులు ఉన్నాయి కదా, అక్కడి నుంచి వచ్చిన రెండు మూడు కుటుంబాలు. తండా నుంచి వచ్చిన లంబాడీ ఆడవాళ్లు. ముందు వరుసలో కుర్చీల్లో తాతయ్యలు, అమ్మమ్మలు. ఇన్ని భాషలు, ఇన్ని వయసులు ఒకే షామియానా కింద. వీళ్లందరినీ లేపి ఒక్క చోట ఆడించాలి. ఆ బాధ్యత ఇరవై అయిదేళ్ల కుర్రాడిది.

అతను మొదట చేసేది చూడటం. మొదటి అరగంట ఎవరూ ఆడరు. అది అతనికి తెలుసు. గట్టి పాట వేస్తే పెద్దవాళ్లు లేచి భోజనాలకు వెళ్లిపోతారు. అందుకే పాత సినిమా పాట ఒకటి మెల్లగా వేస్తాడు. ఓ తాతయ్య చెయ్యి కుర్చీ మీద తాళం వేస్తుంది. అది చూశాడు. తర్వాత పిల్లల పాట. పిల్లలు పరుగెత్తుకొస్తారు. పిల్లల వెనకే తల్లులు వస్తారు. ఇప్పుడు ఆడేచోట పదిమంది ఉన్నారు. అప్పుడు కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ పాట. కన్నడ స్నేహితులు ఒక్క ఎగురు ఎగిరి లోపలికి దూకుతారు.

అసలు చిక్కు ఇక్కడే. కన్నడ పాటలు వరసగా నాలుగు వేస్తే తెలుగు చుట్టాలు పక్కకు తప్పుకుంటారు. ఒక్కటి వేసి ఆపేస్తే స్నేహితులు చిన్నబుచ్చుకుంటారు. ఎంతసేపు ఉంచాలి? ఎప్పుడు మార్చాలి? ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. ఆడేవాళ్ల కాళ్లు చూసి, అరుపుల్లో తేడా విని తేల్చుకోవాలి. జనం ఊపు మీద ఉన్నప్పుడు అరిచే అరుపు వేరు, అలసిపోయి మొహమాటానికి అరిచే అరుపు వేరు. మంచి డీజే ఆ తేడా వింటాడు. అందుకే వినే పని అంటున్నాను.

ఇంతలో ఒకాయన బల్ల దగ్గరికి వస్తాడు. కొంచెం తాగి ఉంటాడు. చేతిలో ఫోను. "తమ్ముడూ, ఈ పాట వెయ్యి, ఇప్పుడే వెయ్యి." ఆ పాట ఇప్పుడు వేస్తే ఊపు మొత్తం పడిపోతుంది. వెయ్యనంటే గొడవ. "వేస్తానన్నా, దీని తర్వాత రెండో పాట మీదే" అని నవ్వుతూ చెప్పి పంపాలి. ఆ రెండో పాట నిజంగానే వెయ్యాలి, అదీ సరైన చోట. ఒక రాత్రిలో ఇలాంటివాళ్లు ఎంతమందో. ఆ ఓర్పు కూడా అతని విద్యలో భాగమే.

ఇక చేతిపని సంగతి. ప్రతి పాటకూ ఒక వేగం ఉంటుంది. నిమిషానికి ఇన్ని దెబ్బలని లెక్క. ఒక పాట నడుస్తుండగానే రెండోది దాని పక్కకు తెచ్చి, వేగం కలిపి, దెబ్బ మీద దెబ్బ పడేలా చేసి, మొదటిదాన్ని మెల్లగా తప్పించాలి. ఆడేవాడికి పాట మారిన సంగతి తెలియకూడదు, కాలు ఆగకూడదు. మన రాయచూరులో ఏరువాక పున్నమికి, అంటే కారహుణ్ణిమెకు, మున్నూరు కాపు సమాజం వారు ముంగారు పండుగ చేసి ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు. చూసినవాళ్లకు తెలుసు. రెండు ఎడ్లూ బలమైనవే కావచ్చు, నడక కలవకపోతే బండ ముందుకు రాదు. రెండు పాటలను జత కట్టడం అలాంటిదే.

డీజే హెడ్‌ఫోన్ ఒక చెవికే ఎందుకు పెట్టుకుంటాడో ఎప్పుడైనా గమనించారా? ఒక చెవిలో మీకు వినిపిస్తున్న పాట. రెండో చెవిలో మీకింకా వినిపించని పాట, రాబోయే పాట. రెండు చెవులతో రెండు పాటలు ఒకేసారి వింటూ, వాటి నడకల్లో తేడా ఎక్కడుందో పట్టుకుని, వేళ్లతో సరిచేస్తాడు. ఇంట్లో రేడియో ఒకటి, టీవీ ఒకటి పెట్టి, రెండింటి మాటలూ ఒకేసారి విని చూడండి. ఎంత కష్టమో తెలుస్తుంది.

మన తెలుగు డీజేకి ఇంకో చిక్కు ఉంది. రేడియో దగ్గర కూర్చున్నారు కాబట్టి మీరే చేసి చూడొచ్చు. మోకాలి మీద చేత్తో కొట్టండి. తకిట, తకిట, తకిట, తకిట. మూడు మూడు. మన డప్పు మీద తీన్‌మార్ దెబ్బ ఈ నడకలోనే ఊగుతుంది. ఇప్పుడు మార్చండి. తకధిమి, తకధిమి, తకధిమి. నాలుగు నాలుగు. ఎక్కువ సినిమా డాన్సు పాటలు, హిందీ పాటలు ఇలా నడుస్తాయి. మూడు మీద ఆడుతున్న కాలు ఉన్నట్టుండి నాలుగు మీదికి రావాలంటే తడబడుతుంది. కంప్యూటర్ వేగాన్ని కలుపుతుంది కానీ మూడును నాలుగు చెయ్యలేదు. ఆ వంతెన డీజే కట్టాలి. ఒకడు దెబ్బను రెండు క్షణాలు ఆపి, మైకులో పెళ్లికూతురి పేరు పిలిచి, అందరూ కేక వేసేలోపు కొత్త నడకలోకి దింపుతాడు. ఇంకొకడు చప్పట్లు మాత్రమే ఉంచి జనం చేతనే తాళం వేయిస్తాడు. ఇది నేర్చుకోవాల్సిన విద్యే కదా?

"ఇప్పుడు అన్నీ మిషనే చేస్తుంది, వేగం కలిపే బటన్ కూడా వచ్చింది" అంటారు. నిజమే, వచ్చింది. ఇప్పటి పాటల మీద బాగానే పనిచేస్తుంది. పాత పాట మీద తడబడుతుంది. ఎందుకంటే ఆ రోజుల్లో వాద్యగాళ్లందరూ ఒక గదిలో కూర్చుని వాయించేవారు. మనుషులు వాయిస్తే వేగం కాస్త పెరుగుతుంది, కాస్త తగ్గుతుంది. ఆ పాటలో ప్రాణం అదే. మిషన్ దాన్ని పట్టుకోలేదు, చెవి పట్టుకుంటుంది. పైగా ఆడేవాళ్లు అలసిపోయారో లేదో ఆ బటన్‌కు తెలియదు.

పాటల కంటే ముందు సామాను ఉంది. మే నెలలో మన రాయచూరు ఎండ మీకు తెలుసు. మధ్యాహ్నమే బాక్సులు దించాలి. వైర్లు లాగాలి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూడాలి, లేకపోతే మైకు పట్టుకున్నవాడికి షాకు. ఊళ్లో వోల్టేజీ పడిపోతే జనరేటర్ సిద్ధంగా ఉండాలి. ఖాళీ హాల్లో ఒకలా వినిపించిన శబ్దం జనం నిండాక ఇంకోలా వినిపిస్తుంది. ఎందుకంటే మనుషుల ఒళ్లు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి. అందుకని మళ్లీ సరిచెయ్యాలి. మిక్సర్ మీద ఎర్ర లైటు వెలిగిందంటే శబ్దం చిట్లుతోందని అర్థం. ఎర్ర లైటు పట్టించుకోనివాడు స్పీకర్లను కాలుస్తాడు, మన చెవుల్ని కూడా. రాత్రి అందరూ ఇళ్లకు వెళ్లాక ఇదంతా విప్పి మళ్లీ బండి ఎక్కించాలి.

ఎవరో పాడిన పాట వేస్తే అది కళ ఎలా అవుతుందని అడిగేవాళ్లకు ఒక పేరు గుర్తు చేస్తాను. అమీన్ సయానీ. 1952లో రేడియో సిలోన్‌లో ఆయన నడిపిన సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలైంది. ఆయన అందులో ఒక్క పాట పాడలేదు. ఏ పాట తర్వాత ఏది, మధ్యలో ఏ మాట, ఎక్కడ ఒక క్షణం ఆగాలి, అదే ఆయన విద్య. దేశమంతా రేడియోకు చెవి ఒగ్గింది. 2024లో ఆయన పోయినప్పుడు ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డవాళ్లు ఉన్నారు. పాటలు ఎంచి, వరస కూర్చి, వినేవాళ్ల మనసు పట్టుకోవడాన్ని మనం అప్పుడే గౌరవించాం. రేడియోలో కూర్చుని చేస్తే గౌరవం, షామియానాలో నిలబడి చేస్తే చులకనా?

ఇంకో కథ. 1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేదల పేట. జమైకా నుంచి వలస వచ్చిన ఒక కుర్రాడు, డీజే కూల్ హెర్క్, చెల్లెలు పెట్టిన పార్టీలో రికార్డులు వేశాడు. అతను ఒకటి గమనించాడు. పాటంతా నడుస్తుంటే కొందరు గోడవార నిలబడి ఉంటున్నారు. పాటలో గొంతు ఆగి, డ్రమ్ములు మాత్రమే మోగే చిన్న ముక్క రాగానే వాళ్లంతా దూకుతున్నారు. ఆ ముక్క కొన్ని క్షణాలే. అందుకని ఒకే రికార్డుకు రెండు ప్రతులు తెచ్చాడు. ఒకదానిలో ముక్క అయిపోగానే రెండోదానిలో అదే ముక్క. క్షణాల ముక్కను నిమిషాలు చేశాడు. హిప్ హాప్ సంగీతం పుట్టింది అక్కడే అని చెబుతారు. ఆ సంగీతానికి బీజం ఏమిటి? ఒక డీజే తన ముందున్నవాళ్లను జాగ్రత్తగా గమనించడం.

అదే పేటలో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే ఇంకో కుర్రాడు ఎలక్ట్రానిక్స్ చదువుకునేవాడు. రికార్డు మీద ఆ ముక్క ఎక్కడ మొదలవుతుందో రంగు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకునేవాడు. రాబోయే పాటను జనం కంటే ముందు తను హెడ్‌ఫోన్‌లో వినడానికి సొంతంగా స్విచ్ అమర్చుకున్నాడు. 2019లో స్వీడన్ వాళ్లు అతనికి పోలార్ సంగీత పురస్కారం ఇచ్చారు. మన రవిశంకర్‌కు 1998లో ఇచ్చిన పురస్కారమే అది. ఆ ఏడాది ఫ్లాష్‌తో పాటు అందుకున్నవాళ్లలో జర్మనీ వయొలిన్ విద్వాంసురాలు అన్నే సోఫీ ముట్టర్ ఉన్నారు. వయొలిన్‌కూ డీజే బల్లకూ ఒకే వేదిక మీద ఒకే సన్మానం.

జర్మనీలో ఈ విషయం కోర్టుకు కూడా వెళ్లింది. అక్కడ సంగీత కచేరీకి పన్ను తక్కువ, మామూలు పార్టీకి ఎక్కువ. మరి డీజే ఆడించే రాత్రి కచేరీయా, పార్టీయా? 2020లో అక్కడి అత్యున్నత పన్నుల కోర్టు చెప్పిన దాని సారం ఇది. డీజే ఊరికే రికార్డులు వెయ్యడు, తన పరికరాలతో కొత్త సంగీతాన్ని వినిపిస్తాడు, కాబట్టి అది కచేరీ కావచ్చు. మన ఊరి కుర్రాడి పక్షాన అంత దూరంలో ఎవరో వాదించి గెలిచినట్టు నాకు అనిపించింది.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న కోపం గురించి మాట్లాడాలి. ఆ కోపం న్యాయమైనదే. వినాయక నిమజ్జనం వస్తుంది. ట్రాక్టర్ ట్రాలీ మీద అంతస్తులుగా బాక్సులు. కిటికీ అద్దాలు అదురుతాయి. లోపల గుండె జబ్బు మనిషి, పరీక్ష రాయాల్సిన పిల్ల, పాలు తాగుతున్న పసిబిడ్డ. ఆపమంటే వినే నాథుడు ఉండడు. హైదరాబాదులో 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను పోలీసులు నిషేధించారు. మన కర్ణాటకలోనూ చవితి వచ్చిందంటే ఎన్నో జిల్లాల్లో ఆంక్షలు పెడుతున్నారు. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు ఉన్నాయి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ కూడదు. పండుగలకు కొన్ని రోజులు మాత్రం ప్రభుత్వం సడలింపు ఇవ్వగలదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల లోపల నిశ్శబ్దం ఉండాలి. ఈ నియమాలు కావాలి. నేను వాటి పక్షమే.

కానీ ఒక సంగతి చూడండి. ఆ ట్రాలీ వెనక చాలాసార్లు డీజే ఉండడు. ఒక పెన్‌డ్రైవ్ ఉంటుంది. బాక్సుల యజమాని ఉంటాడు, డ్రైవర్ ఉంటాడు. పక్క వీధి వాళ్ల కంటే మనది గట్టిగా మోగాలనే పంతం ఉంటుంది. "పెంచు, ఇంకా పెంచు" అనేవాళ్లు చందాలు పోగుచేసినవాళ్లే. అక్కడ పాట ఎంచినవాడు లేడు, నడక కలిపినవాడు లేడు, ఎదుటివాడి ముఖం చూసినవాడు లేడు. తిట్లు మాత్రం డీజేకి. వినే పని అన్నాను కదా. వినడం తెలిసినవాడికి ఎంత శబ్దం చాలో కూడా తెలుస్తుంది. శబ్దం తగ్గించి కూడా జనాన్ని ఆడించగలవాడే పని వచ్చినవాడు. పెంచడం ఎవరైనా చేస్తారు.

చెవి సంగతి వచ్చింది కాబట్టి డీజే తమ్ముళ్లకు ఒక మాట. వంద డెసిబెల్స్ మోతలో చెవికి భద్రమైన సమయం రోజుకు పావుగంటే అని అమెరికా వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. మీరు అలాంటి మోతలో గంటలు గడుపుతున్నారు. రాత్రి పడుకున్నాక చెవిలో గుయ్యిమని మోత వినిపిస్తే అది హెచ్చరిక. పోయిన వినికిడి తిరిగి రాదు. మందుల దుకాణంలో దొరికే చిన్న ఇయర్ ప్లగ్‌లు తెచ్చుకోండి. మీ పనికి పెట్టుబడి బాక్సులు కావు, మీ చెవులు.

ఇంకో బాకీ ఉంది. డీజే వచ్చాక డప్పు కొట్టేవాళ్లకు, హలిగె వాయించేవాళ్లకు, సన్నాయి మేళాలకు పిలుపులు తగ్గాయి. ఊరిలో ఏ శుభమైనా అశుభమైనా వాళ్ల చేతి మీదుగా నడిచింది. తరాల పాటు మనం వాళ్లకు సరైన కూలీ ఇవ్వలేదు, పక్కన కూర్చోనివ్వలేదు. ఈ రోజు డీజే పాటల్లో మోగే తీన్‌మార్ వాళ్ల చేతుల్లో పుట్టిందే. రికార్డు చేసుకున్న దెబ్బకు కొట్టినవాడి పేరు ఉండదు, డబ్బూ ముట్టదు. డీజేకి గౌరవం కావాలని అడిగే నేను ఈ సంగతి దాచి మాట్లాడలేను. కొందరు కుర్రాళ్లు ఒక మంచి పని చేస్తున్నారు. డప్పు బృందాన్ని బల్ల పక్కనే నిలబెట్టి, పాట దెబ్బ తగ్గించి, అసలు డప్పును వాయించమంటున్నారు. ఆ రెండూ కలిసిన చోట ఆడేవాళ్ల ఊపు చూడాలి. కూలీ మాట్లాడుకునేటప్పుడే ఇద్దరికీ కలిపి మాట్లాడండి, డప్పు వాళ్ల వాటా వాళ్ల చేతికే ఇవ్వండి.

మీ ఇంట్లో పెళ్లి ఉంటే డీజేని ఎలా మాట్లాడుకోవాలో చెప్పి ముగిస్తాను. "ఎన్ని బాక్సులు తెస్తావు" అని మొదట అడగకండి. "ఇంతకుముందు ఎక్కడ చేశావు, మా చుట్టాల్లో కన్నడం వాళ్లు ఉన్నారు, పెద్దవాళ్లు ఉన్నారు, ఎలా నడిపిస్తావు" అని అడగండి. అతను తిరిగి మిమ్మల్ని ప్రశ్నలు అడిగితే, ఎంతమంది వస్తారు, హాలా ఆరుబయలా, పక్కన ఆసుపత్రి ఉందా అని అడిగితే, పని తెలిసినవాడని అర్థం. బయానా ఇచ్చి, మిగతాది ఆ రాత్రే ఇచ్చెయ్యండి, నెల తిప్పించుకోవద్దు. అతనికి, సామాను మోసిన పిల్లలకు భోజనం పెట్టండి, అదీ అందరి పంక్తిలో. పదింటికి ఆపెయ్యమని ముందే మీ నోటితో చెప్పండి. పదిన్నరకు ఎవరో వచ్చి ఇంకో నాలుగు పాటలు వెయ్యమని అతని మీద పడినప్పుడు, పెళ్లిపెద్దగా మీరు వెళ్లి అతని పక్కన నిలబడండి.